స్పీడు కారుకు పెట్రోల్ చాలుతోందా? సూరత్ రోడ్ల మీద ఈ20 మార్చిన లెక్క

సూరత్ అనగానే తెలుగువాళ్లకు మొదట చీరలు గుర్తొస్తాయి. తర్వాత మరమగ్గాలు, వాటి మీద పనికోసం తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందటే వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు. లింబాయత్, ఉధ్నా వైపు వెళితే తెలుగు మాట చెవిన పడుతుంది. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది.

ఈ ఊరికి ఇంకో ముఖం కూడా ఉంది. ఇక్కడి హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ అనే వజ్రాల కంపెనీ 2016 దీపావళికి 1,260 కార్లు, 2018లో 600 కార్లు ఉద్యోగులకు కానుకగా ఇచ్చి దేశమంతా వార్తల్లోకెక్కింది. వజ్రాల డబ్బు కనిపించే డుమస్ రోడ్డు, వెసు ప్రాంతాల్లో విదేశీ స్పోర్ట్స్ కార్లు కొత్త కాదు. వాటి పక్కనే, టర్బో ఇంజిన్ ఉన్న మామూలు కారును కొని, దాని సాఫ్ట్‌వేర్ మార్పించి, పవర్ పెంచుకునే కుర్రాళ్ల తరం ఒకటి తయారైంది. ఈ మోజు సూరత్‌కే పరిమితం కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనూ ఉంది.

పవర్ పెంచడం గురించి మాట్లాడేటప్పుడు అందరూ టర్బో గురించి, ఎగ్జాస్ట్ శబ్దం గురించి చెప్తారు. పెట్రోల్ ట్యాంకు నుంచి సిలిండర్ దాకా ఇంధనం ఎలా చేరుతుందో అడిగేవాళ్లు తక్కువ. ఇంజిన్లు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. పైగా గత కొన్నేళ్లలో బంకులో పోసే పెట్రోలే మారిపోయింది. 10 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని దేశం 2022 జూన్‌లో చేరుకుంది. 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20ని 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. 2025కల్లా అదే మామూలు పెట్రోల్ అయిపోయింది. పాత పెట్రోల్‌కు తగ్గట్టు ట్యూన్ చేసిన కారులో ఇప్పుడు కొత్త పెట్రోల్ మండుతోంది. ఈ రెండింటి మధ్య తేడా ఎంత? దాన్ని ఎవరు భరిస్తున్నారు?

గాలికి తగ్గ పెట్రోల్

పెట్రోల్ ఇంజిన్‌లో ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. టర్బో చేసే పని సిలిండర్‌లోకి ఎక్కువ గాలిని తోయడం. గాలి పెరిగిన నిష్పత్తిలో పెట్రోల్ కూడా పెరగాలి. పెరిగితే పవర్. పెరగకపోతే మెకానిక్‌లు 'లీన్' అనే పరిస్థితి, అంటే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ.

ఇంట్లో గ్యాస్ స్టవ్ అనుభవంతో చూస్తే, గ్యాస్ తగ్గితే మంట చల్లబడాలి కదా అనిపిస్తుంది. పూర్తి లోడు మీద ఉన్న ఇంజిన్‌లో జరిగేది వేరు. అక్కడ లెక్కకు మించి కొంత పెట్రోల్ కావాలనే పోస్తారు. అది ఆవిరవుతూ సిలిండర్‌ను చల్లబరుస్తుంది. ఆ అదనపు పెట్రోల్ రాకపోతే వేడి పెరుగుతుంది, మిశ్రమం సమయం కానప్పుడే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. టర్బో ఇంజిన్‌లో గట్టి నాకింగ్ కొన్ని సెకన్లు కొనసాగినా పిస్టన్ అంచు విరగొచ్చు, కరగొచ్చు. డ్రైవర్‌కు ముందు తెలిసేది చిన్న వెనుకాడటమే. మ్యూజిక్ పెట్టుకుంటే అదీ తెలియదు.

ఇంధన సరఫరా ఎంత కీలకమో ఫార్ములా వన్ నిబంధనలు చూస్తే అర్థమవుతుంది. 2014 నుంచి అక్కడ ఇంజిన్‌కు గంటకు 100 కిలోలకు మించి ఇంధనం వెళ్లకూడదని పరిమితి పెట్టారు. పవర్‌కు కళ్లెం వేయడానికి పెట్రోల్ పైపు దగ్గర కాపలా కాశారన్నమాట. 2026 నిబంధనల్లో ఆ పరిమితిని బరువులో కాకుండా శక్తిలో కొలుస్తున్నారు. కారణం, అన్ని ఇంధనాల్లోనూ కిలోకు ఒకే శక్తి ఉండదు. ఈ20 చర్చలోనూ అసలు ముడి ఇదే.

ట్యాంకు నుంచి సిలిండర్ దాకా

ట్యాంకులో మునిగి ఉండే ఎలక్ట్రిక్ పంపు పెట్రోల్‌ను ఫిల్టర్ గుండా ముందుకు తోస్తుంది. రెగ్యులేటర్ ఒత్తిడిని స్థిరంగా ఉంచుతుంది. ఇంజిన్ మీద ఉన్న రైలు అనే గొట్టం నుంచి ఇంజెక్టర్లు పెట్రోల్‌ను చిమ్ముతాయి. ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అనేది ఈసీయూ అనే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మన దేశంలో కార్బ్యురేటర్ కార్లు 2000 ప్రాంతంలో తెరమరుగైనప్పటి నుంచి పద్ధతి ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. టర్బో పెట్రోల్ ఇంజిన్ పూర్తి లోడు మీద ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోల్ తాగుతుందని ట్యూనింగ్‌లో అంచనా వేసుకుంటారు. 150 హార్స్‌పవర్ కారును 200కి పెంచారనుకోండి. గంటకు 54 కిలోలు, అంటే దాదాపు 72 లీటర్లు కావాలి. నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 300 సీసీ ఇవ్వాలి.

ఆ కారులో నిమిషానికి 350 సీసీ ఇవ్వగల ఇంజెక్టర్లు ఉన్నాయనుకుందాం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు, అంటే 150 హార్స్‌పవర్ దగ్గర, వాటి సామర్థ్యంలో 65 శాతం వాడుకుంటే సరిపోయేది. 200కి పెంచాక అది 86 శాతం అవుతుంది. ఇంజెక్టర్‌ను 80, 85 శాతం దాటించకూడదని ట్యూనర్లు ఒక గీత గీసుకుంటారు. ఆ పైన అది తెరిచి మూసుకోవడానికే సమయం చాలదు. చిమ్మే పరిమాణం మీద కంప్యూటర్‌కు పట్టు పోతుంది. అంటే ఈ కారు ఇప్పటికే గీత మీద ఉంది.

ఒత్తిడి పెంచితే అదే ఇంజెక్టర్ ఎక్కువ పెట్రోల్ ఇస్తుంది. కానీ ఒత్తిడి రెట్టింపైతే పరిమాణం రెట్టింపు కాదు, వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 3 బార్ నుంచి 4 బార్‌కు పెంచితే దక్కేది 15 శాతం. ఆ ఒత్తిడి దగ్గర పంపు ఇచ్చే పరిమాణం తగ్గుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే.

టర్బో కార్లలో ఇంకో మెలిక ఉంది. ఇంజెక్టర్ మూతి దగ్గర టర్బో గాలి 1 బార్ ఒత్తిడితో ఎదురు తోస్తుంటే, రైలులో ఉన్న 3 బార్‌లో పనికొచ్చేది 2 మాత్రమే. పెట్రోల్ 18 శాతం తగ్గుతుంది, అదీ ఎక్కువ కావాల్సిన క్షణంలోనే. అందుకే టర్బో గాలి ఎంత పెరిగితే ఇంధన ఒత్తిడిని కూడా అంత పెంచే రెగ్యులేటర్ వాడతారు. టర్బో లేని కారుకు బయట షెడ్డులో టర్బో బిగించినప్పుడు మర్చిపోయే భాగం ఇదే.

ఈ20 ఏం మార్చింది?

ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది. కాబట్టి కిలో ఇథనాల్ మండటానికి 9 కిలోల గాలి చాలు. తిప్పి చెప్పాలంటే అంతే గాలికి ఇథనాల్ ఎక్కువ పోయాలి. 20 శాతం కలిపిన పెట్రోల్‌కు ఆ నిష్పత్తి 14.7 నుంచి సుమారు 13.5కి దిగుతుంది. ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే ఇంజెక్టర్లు 7 నుంచి 8 శాతం ఎక్కువ పరిమాణం చిమ్మాలి. ఈ10తో పోలిస్తే దాదాపు 4 శాతం.

పై లెక్కలోని కారుకు దీన్ని కలపండి. 86 శాతం కాస్తా 92 దాటుతుంది. యజమాని ఏ పార్టూ మార్చలేదు, ఏ షెడ్డుకూ వెళ్లలేదు, ఎప్పుడూ వెళ్లే బంకులోనే పోయించుకున్నాడు. ట్యూనర్ మిగిల్చిన కాస్త వెసులుబాటు అలా కరిగిపోయింది. దానికి నిండా దుమ్ము పట్టిన ఫిల్టర్, ఐదేళ్ల పాత పంపు, మే నెల ఎండ తోడైతే మిగిలేది ఏమీ ఉండదు.

కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుకు ఈ భయం అక్కర్లేదు. అందులో వెసులుబాటు పుష్కలం. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చూసి చెప్తే ఈసీయూ ఇంధనాన్ని సర్దుకుంటుంది. మైలేజీ మాత్రం తగ్గుతుంది. ఈ0 కోసం రూపొందించి ఈ10కి సర్దిన కార్లలో ఈ20 వల్ల 6 నుంచి 7 శాతం, ఈ10కి రూపొందించి ఈ20కి సర్దిన వాటిలో 1 నుంచి 2 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకునేవే. వివాదం పాత కార్ల దగ్గర మొదలైంది. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది.

పాత కార్లలో కూడా సమస్య సెన్సర్ రకాన్ని బట్టి ఉంటుంది. పాత తరం సెన్సర్ 14.7కు అటా ఇటా అన్నది తప్ప ఎంత దూరమో చెప్పలేదు. అందుకే పూర్తిగా ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ కార్లు సెన్సర్‌ను పక్కన పెట్టి, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పోతాయి. ఆ పట్టిక పాత పెట్రోల్‌కు రాసింది. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న కొత్త కార్లు పూర్తి లోడులోనూ కొలుస్తాయి, సర్దుకుంటాయి. ఇంజెక్టర్‌లో, పంపులో జాగా ఉన్నంత వరకే.

ఇథనాల్‌ను విలన్‌ను చేయడం కూడా న్యాయం కాదు. రేసింగ్ వాళ్లకు అది ఇష్టమైన ఇంధనం. దాని ఆక్టేన్ 108 దరిదాపుల్లో ఉంటుంది, అంటే నాకింగ్‌ను బాగా ఆపుతుంది. ఆవిరయ్యేటప్పుడు కిలోకు పెట్రోల్ కంటే రెండు రెట్లకు పైగా వేడిని లాక్కుంటుంది. మన సాధారణ పెట్రోల్ ఆక్టేన్ 91 ఉండేది, ఈ20తో అది 95కి చేరింది. దాన్ని వాడుకునేలా ట్యూన్ చేసి, సరిపడా సరఫరా ఏర్పాటు చేస్తే అదే కారు ఇంకా గట్టిగా పరుగెత్తుతుంది. సరఫరా పెంచకుండా ఆక్టేన్‌ను నమ్ముకోవడమే చిక్కు. 2020 డిసెంబర్‌లో ఇండియన్ ఆయిల్ తెచ్చిన 100 ఆక్టేన్ పెట్రోల్ పోయించినా, చాలని ఇంజెక్టర్ చాలనట్టే ఉంటుంది.

డైరెక్ట్ ఇంజెక్షన్ కార్ల సంగతి

మన దగ్గర ట్యూనింగ్ మోజు పెరగడానికి 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ ఒక ముఖ్య కారణం. 1.2 లీటర్ల చిన్న ఇంజిన్, టర్బో, నేరుగా సిలిండర్‌లోకే పెట్రోల్ చిమ్మే ఏర్పాటు. తర్వాత ఆక్టేవియా వీఆర్ఎస్, ఐ20 ఎన్ లైన్, 1.5 లీటర్ల వర్టస్ జీటీ అదే బాటలో వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఒక్కటి మార్చి 20 నుంచి 30 శాతం పవర్ పెంచుతామని ట్యూనర్లు చెప్పేది ఎక్కువగా ఇలాంటి కార్లకే.

వీటిలో పంపులు రెండు. ట్యాంకులోది 5 బార్ దరిదాపుల్లో పెట్రోల్ పంపుతుంది. ఇంజిన్ మీద, క్యామ్‌షాఫ్ట్ తిప్పే రెండో పంపు దాన్ని 200 బార్‌కో, కొత్త ఇంజిన్లలో 350 బార్‌కో పెంచుతుంది. ఇక్కడ కొరత సమయానిది. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ పూర్తి చక్రానికి పట్టేది 20 మిల్లీసెకన్లు. మానిఫోల్డ్‌లో చిమ్మే పాత పద్ధతికి ఆ సమయమంతా అందుబాటులో ఉంటుంది. నేరుగా సిలిండర్‌లో చిమ్మేటప్పుడు గాలి లోపలికి వచ్చే స్ట్రోక్‌లోనే పని దాదాపు ముగించాలి. అది 5 మిల్లీసెకన్లు. అందుకే ఇక్కడ ఇంజెక్టర్‌ను ఇంకాస్త సేపు తెరిచి ఉంచడం అన్నది చివరిదాకా పనికొచ్చే ఉపాయం కాదు.

చిన్న పంపు వెనకబడితే పెద్ద పంపు కూడా కూలబడుతుంది. రైలు ఒత్తిడి జారితే ఈసీయూ పవర్ తగ్గించి, పీ0087 అనే కోడ్ నమోదు చేస్తుంది. ఇంధన ఒత్తిడి చాలడం లేదని దాని అర్థం. లీన్‌గా నడుస్తోందని చెప్పేది పీ0171. ఈ కోడ్‌లను స్కానర్‌తో చెరిపేసి కారును అప్పగించే షెడ్డులకు దూరంగా ఉండటం మంచిది. జ్వరం ఉందని థర్మామీటర్ పగలగొట్టినట్టు ఉంటుంది ఆ వైద్యం.

ముందు కొలత, తర్వాత ఖర్చు

పవర్ పెంచాలనుకునేవాళ్లు సాధారణంగా సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టి, ఇంజిన్ మొరాయించాక పంపు దగ్గరికి వస్తారు. నా ఉద్దేశంలో ఇది తలకిందుల వరస. ముందు ఉన్నది ఎంత ఇస్తుందో కొలవాలి. ఓబీడీ పోర్టుకు చిన్న పరికరం తగిలించి మూడు అంకెలు చూస్తే చాలు: రైలు ఒత్తిడి అడిగినంత ఉందా, ఇంజెక్టర్ ఎంత శాతం తెరిచి ఉంటోంది, ఫ్యూయల్ ట్రిమ్ ఎంత. ట్రిమ్ అంటే ఈసీయూ తన పట్టికకు మించి ఎంత పెట్రోల్ కలుపుతోందో చెప్పే అంకె. 5 శాతం లోపు ఉంటే మామూలే. ఎప్పుడూ 10 పైన ఉంటే కారణం వెతకాలి. 25 దగ్గర చాలా కార్లు చేతులెత్తేస్తాయి.

ఒక పొరపాటు జాగ్రత్తగా చూసుకోవాలి. షెడ్డుల్లో వాడే గాలి-ఇంధన మీటర్లు చాలావరకు పెట్రోల్ స్కేలులో అంకె చూపిస్తాయి. ఈ20 మండుతున్నప్పుడు అది 14.7 అంటే నిజానికి నిష్పత్తి 13.5 అన్నమాట. మీటర్ తప్పు కాదు, స్కేలు పాతది. అదే మీటర్‌ను లాంబ్డా అనే కొలతకు మార్చుకుంటే ఏ ఇంధనానికైనా 1 అంటే సరిగ్గా సరిపోయిందని అర్థం. అంతకంటే తక్కువైతే ఇంధనం ఎక్కువ. పూర్తి లోడులో టర్బో కార్లకు 0.8 నుంచి 0.88 మధ్య ఉండేలా చూస్తారు.

కొలిచాక మొదట చేయాల్సిన మరమ్మతు చవకైనదే. ఫిల్టర్ మార్చడం, పంపుకు వెళ్లే వైరు చూడటం. పాత కార్లలో ఆ వైరు సన్నగా, కనెక్టర్ నల్లబడి ఉంటుంది. 13.5 వోల్టులు అందాల్సిన చోట 12 కూడా రాకపోతే మంచి పంపు కూడా నీరసపడుతుంది. బ్యాటరీ నుంచి మందమైన వైరు, ఫ్యూజు, రిలేతో నేరుగా కరెంటు ఇస్తే కొన్నిసార్లు కొత్త పంపు అవసరమే పడదు.

కొత్త పంపు పెట్టాలంటే డబ్బా మీద రాసిన అంకె చూసి మోసపోకూడదు. గంటకు 255 లీటర్లు అని ఉంటే, ఏ ఒత్తిడి దగ్గర, ఏ వోల్టేజీ దగ్గర అని అడగాలి. మరీ పెద్ద పంపు కూడా మేలు చేయదు. పెట్రోల్‌ను వెనక్కి పంపే పైపు ఉన్న కార్లలో అది వాడని పెట్రోల్‌ను తిప్పి తిప్పి ట్యాంకును వేడెక్కిస్తుంది. వేడి పెట్రోల్ సులభంగా ఆవిరవుతుంది, ఆవిరిని పంపు తోయలేదు. సూరత్ ఎండలో, రామగుండం ఎండలో ఇది చిన్న విషయం కాదు. పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి, ఎప్పుడూ రిజర్వ్ మీద బండి లాగేవాళ్ల పంపు తొందరగా పోతుంది.

ట్రాక్ మీద నడిపేవాళ్లకు ఇంకో బెడద. మలుపులో పెట్రోల్ అంతా ట్యాంకులో ఒక పక్కకు పోతే పంపు గాలి పీలుస్తుంది. దానికి సర్జ్ ట్యాంక్ అనే చిన్న డబ్బా మధ్యలో పెడతారు. మొదటి పంపు దాన్ని నింపుతూ ఉంటుంది, రెండోది దాని అడుగు నుంచి ఇంజిన్‌కు తోస్తుంది. దాన్ని డిక్కీలో పెట్టి, ప్రయాణికుల వైపు అడ్డు గోడ లేకుండా వదిలేస్తే అది కదిలే నిప్పు. పైపుల విషయంలోనూ అంతే. పాత రబ్బరు రకాలను ఇథనాల్ మెత్తబరుస్తుంది, పగులుస్తుంది. ఫ్లోరో రబ్బరు సీళ్లు, లోపల టెఫ్లాన్ పొర ఉన్న పైపులు తీసుకోవాలి. పంపుకు, ఇంజెక్టర్లకు వేలు ఖర్చుపెట్టి పైపు దగ్గర వంద రూపాయలు మిగుల్చుకోవడం తెలివి కాదు.

వరద ఊళ్లలో నీళ్ల భయం

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొంతవరకు నీళ్లు పెట్రోల్‌లోనే కలిసి మండిపోతాయి. హద్దు దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. పంపు నోరు ఉండేది కూడా అడుగునే. పైన మిగిలిన పెట్రోల్‌కు ఆక్టేన్ తగ్గుతుంది. రోజూ తిరిగే, మూత బిగుతుగా ఉన్న కారుకు ఈ ప్రమాదం తక్కువ. వానాకాలమంతా కవర్ కప్పి నిలబెట్టిన కారుకు, బంకులో భూమి కింది ట్యాంకుకు ఎక్కువ. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీటితో తాపీ పొంగి సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచింది. అలాంటి వరద తర్వాత కారు స్టార్ట్ చేసే ముందు ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి పెట్రోల్ తీయించి కాసేపు ఉంచాలి. రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయించాల్సిందే.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాడైన పంపు స్థానంలో కంపెనీ పంపు పెట్టుకోవడం మరమ్మతు. పవర్ పెంచడానికి ఇంజెక్టర్లు, టర్బో మార్చడం ఈ పరిధిలోకి రావొచ్చు. పోలీసుల కంటే ముందు తగిలే దెబ్బ బీమా దగ్గర. చెప్పకుండా మార్పులు చేసిన కారు కాలిపోతే క్లెయిమ్‌కు కొర్రీ పడటం ఖాయం. రేస్ ట్రాక్ మీద మాత్రమే నడిపే కార్ల లెక్క వేరు.

ఇథనాల్ పుట్టే చోట

ఈ ఇథనాల్ ఎక్కడో పుట్టింది కాదు. సూరత్ చుట్టూ బార్డోలీ, సాయణ్, మఢీ వంటి చోట్ల సహకార చక్కెర కర్మాగారాలున్నాయి. బార్డోలీది దేశంలోని పెద్ద సహకార చక్కెర కర్మాగారాల్లో ఒకటి. సూరత్‌కు పక్కనే ఉన్న హజీరాలో ఎరువుల సహకార సంస్థ క్రిభ్‌కో రోజుకు 2.5 లక్షల లీటర్ల ఇథనాల్ ప్లాంటుకు 2022 సెప్టెంబర్ 14న శంకుస్థాపన చేయించింది. ఇవే ఫ్యాక్టరీలు మన దగ్గర వేరే రకంగా వార్తలకెక్కాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం నీళ్లు, పొలాలు పాడవుతాయని రోడ్డెక్కారు. కారు ఇంజిన్‌లో కలిసే ఆ 20 శాతం వెనక ఈ కథా ఉంది.

బ్రెజిల్ 2025 ఆగస్టు నుంచి పెట్రోల్‌లో 30 శాతం ఇథనాల్ కలుపుతోంది. అక్కడ ఇబ్బంది తక్కువ. 2003 నుంచి అక్కడ అమ్ముడవుతున్న ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లు ఏ మిశ్రమం పోసినా గుర్తించి సర్దుకుంటాయి. వాటి పంపు, ఇంజెక్టర్లు కూడా అందుకు సరిపడేవే. ట్యూనింగ్ చేసిన కారులో పెట్రోల్ పైపు మధ్య ఇథనాల్ శాతం కొలిచే సెన్సర్ బిగించి, ఈసీయూకు కలిపితే అదే పని జరుగుతుంది. ఇక్కడి కారుకు ప్రస్తుతం పనికొచ్చే మంచి మార్పు నా దృష్టిలో ఇదే. ఇథనాల్ పాలు 85 శాతానికి చేరితే పెట్రోల్ కంటే 40 శాతం ఎక్కువ పరిమాణం కావాలి కాబట్టి, అలాంటి ఇంధనం పోయదలచినవాళ్లు పంపు, ఇంజెక్టర్లను ఆ మేరకు ముందే పెంచుకోవాలి. ఇండియన్ ఆయిల్ 2024 మార్చిలో ఇథనాల్ 100 పేరుతో ఇంధనాన్ని తొలివిడతగా 183 బంకుల్లో ప్రారంభించింది. ఆ జాబితాలో మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, తమిళనాడు, దిల్లీ ఉన్నాయి. గుజరాత్ లేదు, తెలుగు రాష్ట్రాలూ లేవు.